మురీలు కాకులకి, పొట్లం బ్రహ్మయ్యకి

గార్డెన్ రీచ్‌లో మురీ పొట్లం కొన్న ప్రతివాడూ మురీలు తిని పొట్లం పారేస్తాడు. బ్రహ్మయ్య మురీలు పారేసి పొట్లం దాచుకుంటాడు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇదొక్కటే. మిగతా మనిషంతా దీని చుట్టూ చుట్టిన కాగితమే.

కలకత్తాలో ఝాల్‌మురీ బండివాడు మురీల్లో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొబ్బరిముక్క, ఆవనూనె వేసి, డబ్బాలో గిలకరించి, కాగితప్పొట్లంలో పోసి చేతికిస్తాడు. ఆ పొట్లాన్ని అక్కడ ఠోంగా అంటారు. ఠోంగాని కొత్త కాగితంతో ఎవరూ చెయ్యరు. పరీక్ష పేపర్లు, కరెంటు బిల్లులు, బ్యాంకు కాగితాలు, ఎవరివో ఆధార్ జెరాక్సులు, చిత్తుకాగితాల కొట్టులో తూకానికి ఏది దొరికితే అది ఠోంగా అయిపోతుంది. జనం తినేసి, చేతులు దానికే తుడుచుకుని పోతారు. ఎవరి బతుకుతో మూతి తుడుచుకుంటున్నామో చూసుకోరు. బ్రహ్మయ్య చూస్తాడు.

ఆయన వాట్‌గంజ్‌లో ఒక బైండింగ్ కొట్టులో తల నెరిసేదాకా పుస్తకాలు కుట్టి మానేసిన మనిషి. కాబట్టి పొట్లాన్ని అందరిలా చింపడు. టీ గిన్నె ఆవిరి మీద పట్టుకుంటాడు. మైదా జిగురు మెత్తబడుతుంది. వెదురుబద్దతో అంచు లేపుతాడు. మడత మడతా విప్పి, నూనె మరకకి సుద్దపొడి అద్ది, బరువు కింద పెడితే తెల్లారేసరికి కాగితం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. అప్పుడు అరచేతితో మిగతాదంతా మూసి, పేరూ చిరునామా మాత్రం చూస్తాడు. చూసి, గొడుగు తీసుకుని, ఆ చిరునామాకి బయల్దేరతాడు.

“కాకూ, ఝాల్ బేషీ?” అంటాడు బండి నిమాయి, బాబాయ్, కారం ఎక్కువ వెయ్యమంటావా అని.

“కారం నీ ఇష్టం. పొట్లం మాత్రం నానే ఏరుకుంటాను.”

“అన్నీ ఒకటే కదా కాకూ!”

“ఒకటెలాగవుద్ది? ఇది ఎవరి పింఛను కాయితమో. ఇది ఎవరో పిల్ల మార్కులు. ఆ పిల్లకి లెక్కల్లో ఎన్నొచ్చాయో నీకూ నాకూ ఎందుకు?”

నిమాయి ఆ పొట్లాన్ని వెలుతురుకి పెట్టి చూసి, “ఏమీ రాలేదు కాకూ” అంటాడు జాలిగా.

కాగితం తిరిగి ఇవ్వడం మంచిపనే. కాని బ్రహ్మయ్య చేసే మంచిపనికి ఊళ్ళో చాలామంది భయపడేవారు. ఒకసారి ఖిదిర్‌పూర్‌లో ఒక ఘోష్‌బాబు తలుపు తట్టాడు.

“మీ కాయితం నాకు మురీ పొట్లమై వచ్చింది బాబూ. తెచ్చినాను. నాను చదవనేదు.”

ఘోష్‌బాబు దాన్ని చూసి, గబుక్కున లాల్చీ జేబులో దోపుకున్నాడు. లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. “ఏం కాగితం?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేనిదానికి ఇంత ఎండలో ఈయన ఎందుకొచ్చాడు? ఏం బాబూ, ఏం కాగితమది?”

“అది ఆయన్నే అడగాలమ్మా. నాను చదవనేదు. పేరు చూసినానంతే.”

అది షుగరు రిపోర్టు. ఘోష్‌బాబు దాన్ని భార్యకి తెలీకుండా పారేసి, రోజూ రసగుల్లాలు తింటున్నాడు. ఆ పూటతో ఆయన రసగుల్లాలు ఆగిపోయాయి. ఎవరి గుట్టు కాపాడదామని వెళ్ళాడో వాళ్ళ గుట్టు గుమ్మంలోనే రట్టు చేసి, తృప్తిగా ట్రామ్ రోడ్డు పట్టుకుని ఇంటికొచ్చాడు బ్రహ్మయ్య.

ఇతరుల వివరాల మీద ఇంత భయభక్తులున్న మనిషి తన వివరాలు ఇస్తాడా? బట్టల కొట్టులో ఫోన్ నంబరు అడిగితే, “చీర మా ఇంటిదానికా, నా ఫోనుకా?” అనేవాడు. మందుల కొట్టులో పేరడిగితే, “దగ్గు అని రాసుకో” అనేవాడు.

మహిత పరిచయమైంది కూడా అలాగే. వరంగల్ నుంచి ఉద్యోగానికొచ్చిన పిల్ల. హౌరా స్టేషన్లో రైలు దిగి, రెండు సూట్‌కేసులతో ఎటు పోవాలో తెలీక నిలబడితే, తెలుగు మాట చెవినబడి బ్రహ్మయ్యా, ఆయన భార్య మంగాదేవీ ఆగారు. ఆయన ఒక సూట్‌కేసు నెత్తికెత్తుకుని పడవ రేవు దాకా నడిపించి, హుగ్లీ దాటించి, టాక్సీ మాట్లాడిపెట్టాడు.

“మీ పేరేంది అంకుల్?” అంది మహిత.

“ఎందుకమ్మా?”

“థాంక్స్ చెప్దామని.”

“థాంక్సుకి పేరెందుకు? అంకుల్ అన్నావు కదా, ముట్టింది.”

మంగాదేవి ఆయన వెనకనుంచి తల బయటపెట్టి అంది. “బ్రహ్మయ్య! ఆయన పేరు బ్రహ్మయ్య. మాది గార్డెన్ రీచ్, నీళ్ళ టాంకీ వెనకాల సందు. ఆదివారం రా, చారన్నం తిందువు గాని. ఫోను నంబరు రాసుకో...”

“మంగా!” అని మూలిగాడు బ్రహ్మయ్య, ఇల్లు దోచుకుపోయినట్టు.

అప్పట్నుంచి మహిత ప్రతి ఆదివారం సాల్ట్‌లేక్ నుంచి వచ్చి చారన్నం తినిపోయేది. ఆ పిల్ల కంపెనీలో చేసే ఉద్యోగం ఏమిటో తెలిశాక బ్రహ్మయ్యకి దేవుడు కనబడ్డట్టయింది. జనం వివరాలు ఎలా దాచాలో, చట్టం ఏమంటుందో మిగతా ఉద్యోగులకి పాఠం చెప్పే ఉద్యోగం.

ఇంతవరకూ మంగాదేవి ఓర్చుకుంది. రోజుకో పొట్లం ఎవరింట్లోనైనా కొంటారు. కాని నిరుడు దుర్గాపూజలు వెళ్ళిన దగ్గర్నుంచి ఈ మనిషికి పిచ్చి ముదిరింది. నిమాయి బండి దగ్గర ఒక పొట్లంతో ఆగడు. కట్టంతా వెతుకుతాడు, నచ్చినవన్నీ కొంటాడు.

“పొట్లాలే కావాలంటే ఒట్టి పొట్లాలు కొనుక్కోరాదూ?” అంది మంగాదేవి.

“ఇవ్వడు. ఒట్టి ఠోంగా అమ్మితే బండికి అచ్చిరాదంట. మురీలు పోసి తీరాలంట.”

దాంతో ఇంట్లో మురీలు పేరుకుపోయాయి. మంగాదేవి మురీ ఉప్మా చేసింది. మురీ ఉండలు చేసింది. మురీ పులిహోర చేసింది. చారులో పోసింది. చివరికి డాబా మీద చల్లింది. ఆ పేటలో కాకులన్నీ వాళ్ళ డాబా మీదికి కాపురం మార్చేశాయి. పక్కింటివాళ్ళు కాకులకి అన్నం పెడితే, వాసన చూసి, ఆవనూనె లేదని వదిలేసేవి.

మంగాదేవి ఇవన్నీ నవ్వుతూనే చెప్పుకునేది. ఆమెకి నవ్వు రాని సంగతి ఒకటే ఉంది. అది ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ సందులో చాలామంది కార్పొరేషన్‌లో ఊడ్పు పనికీ, నీళ్ళ పనికీ పోయే తెలుగువాళ్ళు. మధ్యాహ్నం పని నుంచి వచ్చిన ఆడవాళ్ళంతా ఒక్కొక్కళ్ళుగా మంగాదేవి గుమ్మం దగ్గర చేరతారు. ఆమె పీట మీద కూర్చుంటుంది. కుడిపక్క నీళ్ళ డ్రమ్ము. కనక ఎవరొచ్చినా ఎడమపక్కనే కూర్చోవాలి. కూర్చుని, చెవి దగ్గర నోరుపెట్టి, గుండెలో ఉన్నదంతా చెప్పుకుంటారు. మంగాదేవి రోడ్డువైపు చూస్తూ తలాడిస్తుంది. “ఓలమ్మ” అంటుంది. “అలగన్నాదా!” అంటుంది. ఆఖర్న “దేవుడున్నాడు” అంటుంది. చెప్పినవాళ్ళు కళ్ళు తుడుచుకుని తేలిగ్గా లేచిపోతారు. ఈ రెండేళ్ళలో ఒక్క మాట ఆమె నోటినుంచి బయటికి పొక్కలేదు. “మంగత్తకి చెప్తే సముద్రంలో ఏసినట్టే” అని పేరు. ఎవరింట పెళ్ళి మాటలైనా, ఎవరి మధ్య తగువైనా ఆమె ఉండాలి.

పొక్కకపోవడానికి కారణం చిన్నది. రెండేళ్ళుగా ఆమెకి ఎడమ చెవి వినపడదు.

మొదట ఒక్కో మాట జారేది. తరవాత అన్నీ జారాయి. మళ్ళీ చెప్పమంటే ఏడుస్తున్న మనిషి ఏడుపు ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. అది మర్యాదగా ఉండదు. అందుకని తలాడించింది. తలాడించిన కొద్దీ ఆమె పేరు పెరిగింది. పేరు పెరిగిన కొద్దీ నిజం చెప్పడం కష్టమైంది. ఇప్పుడు తెలిస్తే? రెండేళ్ళుగా మేము ఏడ్చింది గోడకా అని అడగరూ? ఆ గుమ్మం తొక్కుతారా ఇక?

పూజలకి ముందు, బజారుకని చెప్పి, బస్టాండు మొగలో ఉన్న రోగ పరీక్షల సెంటరుకెళ్ళింది. చెవుల మీద డిప్పలు పెట్టి, కూతలు వినిపించి, ఎడమది పోయిందమ్మా, మిషను పెట్టుకోవాలి అన్నారు. మూడు కాగితాలు చేతికిచ్చారు. మంగాదేవి వాటిని చూసి హడలిపోయింది. ఇల్లంతా కాగితాలు తడిమే మొగుడున్న మనిషి కాగితం ఎక్కడ దాచగలదు? అందుకని తిరిగి బల్లమీదే పెట్టేసింది.

“ఇయి నాకొద్దు బాబూ. మీ దగ్గరే భద్రంగా ఉంచీండి.”

అక్కడున్న కుర్రాడు సరేనన్నాడు. ఆమె నిశ్చింతగా ఇంటికొచ్చింది.

ఆ నిశ్చింత ఫాల్గుణం దాకా ఉంది. ఒక సాయంత్రం బ్రహ్మయ్య పొట్లం విప్పుతుంటే, కాగితం మీద నీలం రంగు హంస బొమ్మ కనబడింది. మంగాదేవి గరిటెతో సహా దగ్గరికొచ్చి చూసింది. ఆ హంస ఆమెకి తెలుసు. పరీక్షల సెంటరు గోడనిండా ఆ హంసే.

“ఎవరిదది?” అంది.

“ఎవరో దత్తా అంట. చదవనేదు.”

“ఇలాటియి ఇంకా వస్తన్నాయా?”

“బస్తాడు అమ్మీసినారంట. నిమాయి దగ్గర కట్టలు కట్టలు.”

ఆ రాత్రి మంగాదేవికి ఊళ్ళో ప్రతి మురీ పొట్లంలోనూ తన చెవి ఉన్నట్టు అనిపించింది.

ఆదివారం మహిత కంచం ముందు కూర్చోగానే బ్రహ్మయ్య మొదలుపెట్టాడు.

“అమ్మా, మన సంగతులు మనియ్యే అని ఈ దేశంలో ఎక్కడైనా రాసుందా?”

“ఉన్నది మామయ్యా. రెండువేల పదిహేడుల సుప్రీంకోర్టుల తొమ్మిదిమంది జడ్జిలు కూసోని చెప్పిన్రు. గోప్యత అన్నది ప్రాథమిక హక్కు, బతికే హక్కులనే అది గూడ ఉన్నదని.”

“తొమ్మిదిమందే!” బ్రహ్మయ్య మొహం వెలిగిపోయింది. “నాను ఒక్కణ్ణే అనుకుంటన్నాను ఇన్నాళ్ళూ. పదిమందిమన్నమాట.”

“ఆరేండ్ల తర్వాత చట్టం చేసిన్రు. ఏ పని కోసం వివరాలు తీసుకున్నరో ఆ పనికే వాడాలె. పనైపోయినంక తీసేయాలె. భద్రంగ దాచకుంటే రెండువందల యాభై కోట్ల దాక జుర్మానా వెయ్యొచ్చు.”

“ఓలమ్మ! నిమాయి ఎక్కణ్ణుంచి తెస్తాడే అంత?” అంది మంగాదేవి.

“నిమాయిని కాదత్తమ్మా. వివరాలు తీసుకున్నోళ్ళని. అయితే దాని రూల్సు నిరుడు నవంబరుల వచ్చినయి. అసలు బాధ్యతలు వచ్చే ఏడాది మే దాక మొదలుకావు. ఇంకొకటి, ఆ చట్టం డిజిటల్ వివరాలకే. ఒట్టి కాగితం మీదనే పుట్టి కాగితం మీదనే ఉన్నదాని జోలికి రాదు.”

మంగాదేవి చారు గిన్నె కింద పెట్టేసింది. “అంటే కంప్యూటర్లో ఉంటే నా సంగతి, కాయితం మీదకొస్తే ఊరందరి సంగతీనా?”

బ్రహ్మయ్య వింతగా చూశాడు. ఈమెకి చట్టం మీద ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందో అర్థం కాలేదు.

“గట్ల కాదత్తమ్మా. ఈ రిపోర్టులు కంప్యూటర్ల పుట్టినంకనే ప్రింటయినయి. కాబట్టి చట్టం కిందికే వస్తయని వాదించొచ్చు. పాత ఐటీ చట్టం రూల్సుల గూడ రోగాల వివరాలు జాగ్రత్తగ కాపాడాలని ఉన్నది. కని ఇదంత కోర్టుల తేలేసరికి...”

“మురీలు మెత్తబడిపోతాయి” అని పూర్తిచేశాడు బ్రహ్మయ్య. చెయ్యి కడుక్కుని గొడుగు తీశాడు. “తొమ్మిదిమందీ చెప్పవలసింది చెప్పినారు. పదోవాడు ఎల్లి అడుగుతాడు.”

మర్నాడు పరీక్షల సెంటరుకి బయల్దేరితే మంగాదేవి కూడా వస్తానంది. మొహం కనబడకుండా చెంగు ముక్కుదాకా లాక్కుని ఆయన వెనకే నిలబడింది.

“పేరు? ఫోన్ నంబరు?” అంది బల్ల దగ్గరమ్మాయి.

“ఎందుకమ్మా?”

“పరీక్షకి.”

“నాను పరీక్షకి రాలేదు. మీ పాత కాయితాలు ఏటి చేస్తన్నారో అడగడానికొచ్చినాను.”

“పేరు చెప్పకపోతే మేనేజరుగారిని కలవనివ్వరు.”

“మనుషుల పేర్లన్నీ మురీల బండికి పంపీసి, ఇంకా పేరడుగుతన్నావా తల్లీ?”

అక్కడ కూర్చున్న జనం తలలెత్తారు. మేనేజరు తనంతట తానే బయటికొచ్చాడు. పాత కాగితాలు తూకానికి వేస్తాం, అందరూ వేస్తారు, ఇదేం కొత్త అన్నాడు.

“అందులో మనుషులుంటారు బాబూ.”

“మీ రిపోర్టు పోయిందా?”

“నాకు ఇక్కడ రిపోర్టు నేదు.”

“మరి మీకెందుకు?”

ఊళ్ళో ప్రతివాణ్ణీ ఎందుకని అడిగే మనిషిని ఒకడు ఎందుకని అడిగాడు. బ్రహ్మయ్య గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “ఊరికే” అన్నాడు. అంత పేలవమైన జవాబు ఆయన నోట మంగాదేవి ఎన్నడూ వినలేదు.

అయినా వదల్లేదు. రోజూ వెళ్ళి, ఆ బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి మనిషికీ పెద్ద గొంతుతో చెప్పేవాడు. “కాయితం ఇంటికి తీసుకుపోండి బాబూ, ఇక్కడ ఒగ్గీకండి. ఒగ్గీసినారంటే మురీలు పోసి అమ్మీస్తారు.” వారం తిరక్కుండా మేనేజరు దండం పెట్టి, ఇకనించి చిత్తుకాగితాలన్నీ మీకే ఇస్తాం, ఏమన్నా చేసుకోండి అన్నాడు. బ్రహ్మయ్య వాటిని ఇంటికి మోసుకొచ్చి, రాతలు లోపలివైపు వచ్చేలా ఒకదానికొకటి మైదా జిగురుతో అంటించి, చెక్కల మధ్య బిగించి, అట్టలు చేశాడు. ఆ అట్టలు సందులో పిల్లలు పరీక్షలకి పట్టుకెళ్ళారు. ఎవరి రక్తం మీద ఎవరు లెక్కలు చేశారో దేవుడికి తెలియాలి. అట్ట చీల్చినా అక్షరం రాదు.

కాని అది కొత్త కాగితాల మాట. పాతవి అప్పటికే ఠోంగాలైపోయి నిమాయి బండి మీద ఉన్నాయి. మంగాదేవి ఇక ఆగలేకపోయింది. ఒకనాటి సాయంత్రం సంచీ తీసుకుని, మొగుడికంటే ముందే బండి దగ్గరికెళ్ళింది.

“ఆ హంస బొమ్మ పొట్లాలన్నీ నాకిచ్చీ.”

“కాకీమా, మీకూ పట్టుకుందా?” అన్నాడు నిమాయి.

“ఆకలేస్తంది. మురీలు పొయ్యి.”

సంచీ సగం నిండేసరికి బ్రహ్మయ్య వచ్చాడు. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

“నువ్వెందుకు కొంటన్నావు?”

“నువ్వెందుకు కొంటన్నావు?”

“నా సంగతి ఊరందరికీ తెలుసు. నీకు మురీలంటే పడదు కదా!”

“ఇయాల పడింది.”

మొగుడూ పెళ్ళాలు ఒకే కట్ట మీద చేతులు వేసి గుంజుకుంటుంటే, పక్కనుంచి “ఏటి బాబాయ్, ఇంట్లో వంట చెయ్యనేదా?” అని నవ్వు వినబడింది. వాళ్ళ సందు మేరీరాణి. కార్పొరేషన్ ఊడ్పు బండి తోలి, డ్యూటీ దిగి, మురీలు తింటోంది. మేరీరాణి గొంతు ఇక్కడ ఎత్తితే నదికి అవతల హౌరాలో వినబడుతుందని సందులో అనుకునేవారు.

ఆమె చేతిలో పొట్లం మీద నీలం హంస. హంస కింద, మంగాదేవి ఎడంగా నిలబడి కూడా పోల్చుకోగలిగేలా, మంగాదేవి పేరు.

మేరీరాణికి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు. మురీలు అడుగంటాయి. ఇంకో రెండు గుప్పిళ్ళు తింటే పొట్లం ఖాళీ. ఖాళీ అయ్యాక మేరీరాణికి దాన్ని తిప్పి చూసే అలవాటుంది. బ్రహ్మయ్యని ఎగతాళి చెయ్యడానికి నేర్చుకున్న అలవాటు అది.

“ఇయాల మనకెవరొచ్చారో చూద్దామా బాబాయ్?” అంటూ పొట్లం తిప్పింది. “ఎమ్... ఏ... ఎన్...”

బ్రహ్మయ్య రెండంగల్లో వచ్చి ఆ పొట్లం లాక్కున్నాడు. చుట్టూ చూశాడు. జేబు లేదు, లుంగీ బనీనుల్లో ఉన్నాడు. పేరున్న సగం పర్రున చింపి నోట్లో కుక్కుకున్నాడు.

“ఓలమ్మో! బాబాయి కాయితం తింటన్నాడు!”

హౌరాలో విన్నారో లేదోగాని, బస్సాగింది. బ్రహ్మయ్య బుగ్గలుబ్బించి గేదెలా నములుతున్నాడు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. నిమాయి పచ్చిమిర్చి ఘనత అది. మిగతా సగం కూడా నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, గుటకేసి, ఊపిరి తీసుకుని అన్నాడు.

“మైదా జిగురే. ఒంటికి మంచిది.”

ఇంటికొచ్చాక మంగాదేవి తలుపు గడియపెట్టి, అప్పుడు అడిగింది.

“అందరి కాయితాలూ ఇంటికి మోసుకెళ్ళి ఇచ్చొస్తావు. దీన్నెందుకు తినీసినావు?”

“ఆకలేసింది.”

“పేరు చూసినావా?”

బ్రహ్మయ్య మంచం కిందనుంచి నొక్కుడు చెక్కలు లాగి మర విప్పాడు. మధ్యలో రెండు కాగితాలు. పైన నీలం హంస, కింద ఆమె పేరు. పేరు కిందనుంచి అడుగుదాకా తెల్లకాగితం అంచులు కలిపి ఎంత శుభ్రంగా అంటించాడంటే, వేలితో తడిమినా అతుకు తెలీదు.

“పూజలెళ్ళినాక ఒకటి దొరికింది. మూడింట్లో రెండోది అనుంది. అయితే ఒకటీ మూడూ ఊళ్ళో తిరుగుతన్నాయన్నమాటే కదా. ఎతకడం మొదలెట్టినాను. మాఘంలో మూడోది దొరికింది. ఒకటోది ఇయాల తినీసినాను. అయిపోయింది. ఇంక మురీలు కొనను.”

మంగాదేవి ఆ కాగితాలు వెలుతురుకి పెట్టి చూసింది. ఏమీ కనబడలేదు.

“నిజంగా చదవనేదా?”

“పేరు చూసినాను. కళ్ళు మూసుకుని మిగతాది అంటించీసినాను. నువ్వు నాకు చెప్పలేదంటే చెప్పడం ఇష్టం నేదనే కదా. నువ్వు చెప్పని మాట కాయితం చేత చెప్పించుకుంటానా?”

ఆమె మంచం మీద కూర్చుని అడిగింది. “మరి నాకు ఏ రోగమనుకున్నావు ఇన్నాళ్ళూ?”

“అన్నీ అనుకున్నాను.”

“అన్నీనా?”

“ఏదో తెలీనప్పుడు అన్నిటికీ కాపలా ఉండాలి కదా! బీపీయేమోనని నువ్వటు తిరిగినప్పుడు కూరలో నీళ్ళు పోసి ఉప్పు తగ్గించీవోణ్ణి. షుగరేమోనని టీలో పంచదార...”

“అది నువ్వా! కొట్టువాడితో దెబ్బలాడినాను, పంచదారలో తీపి నేదని!”

“గుండేమోనని బకెట్లు నానే మోస్తన్నాను. కడుపులో పుండేమోనని ఆవకాయ జాడీ అటకెక్కించినాను. ఎలకలు తీసుకుపోనాయన్నాను.”

“ఎలకలు జాడీ ఎత్తుకుపోతాయా అని అడిగితే, కలకత్తా ఎలకలు అన్నావు!”

“ఏటి చెప్పమన్నావు మరి?”

మంగాదేవికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, నవ్వే ముందుకి వచ్చింది. “చెవయ్యా! ఎడమ చెవి! వినబడదు. రెండేళ్ళయింది. అంతే!”

“చెవేనా?” అన్నాడు బ్రహ్మయ్య. మళ్ళీ, “ఒట్టి చెవేనా?” అన్నాడు. లేచి, కుర్చీ వేసుకుని అటకెక్కి, ఆవకాయ జాడీ దించి, మూత తీసి, పెద్ద ముక్క ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

అది చప్పరిస్తూ మంగాదేవి ఒక నిర్ణయానికొచ్చింది. “సందులో ఆళ్ళందరికీ చెప్పీస్తాను.”

“ఎవరూ అడగనేదు కదా.”

“అడగనేదు. నాది కదా, నాకు చెప్పాలనుంది. ఆళ్ళు రాకపోతే మానీనీ.”

మర్నాడు మధ్యాహ్నం అందర్నీ గుమ్మం దగ్గర కూర్చోబెట్టి చెప్పేసింది. “నా ఎడమ చెవి పోయి రెండేళ్ళయింది. మీరు చెప్పుకున్నవి ఒక్కటీ నాను విననేదు. తిట్టుకుంటే తిట్టుకోండి.”

ఎదురుగా కూర్చున్న రామమ్మ ముందుకి జరిగింది.

“అయితే పిన్నీ, మొన్న హోలీకి నాను చెప్పింది...”

“విననేదు.”

“మా మరిది సంగతి?”

“విననేదే.”

“అబ్బ!” రామమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. “చెప్పీసినాక నెల్లాళ్ళు నిద్దర పట్టనేదు పిన్నీ! బతికించినావు!”

మేరీరాణి ఆలోచనలో పడింది. “అయితే పిన్నీ, మిషనేటైనా పెట్టించుకుంటావా?”

“పెట్టుకోమన్నారు.”

“పెట్టుకో. పెట్టుకుని, మధ్యాన్నం పూట తీసి డబ్బాలో ఎట్టీ. మాకింకెవరున్నారు చెప్పు?”

అలాగే కుదిరింది. మంగాదేవి పొద్దున్న మిషను పెట్టుకుని బజారుకెళుతుంది, బేరాలాడుతుంది, కుడివైపునుంచి వచ్చే మాటతోపాటు ఎడమవైపు మాట కూడా వింటుంది. మధ్యాహ్నం తీసి డబ్బాలో పెడుతుంది. అప్పుడు ఒక్కొక్కళ్ళే వస్తారు. ఇదివరకటి కంటే ఎక్కువమందే వస్తున్నారు. పక్క సందు బెంగాలీ ఆడవాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళ భాషలో వాళ్ళు చెప్పుకుంటారు. “దేవుడున్నాడు” అంటుంది మంగాదేవి. వాళ్ళు కళ్ళు తుడుచుకుని లేచిపోతారు. మహిత ఒక ఆదివారం ఇది చూసి, ఇంత గట్టి భద్రత మా కంపెనీల గూడ లేదు అంది.

ఒకనాడు అందరూ వెళ్ళిపోయాక బ్రహ్మయ్య వచ్చి ఆమె ఎడమపక్కన చతికిలబడ్డాడు. మిషను ఇంకా డబ్బాలోనే ఉంది. ఆయన చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, ఏదో చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు. ఒకసారి ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

మంగాదేవి రోడ్డువైపు చూస్తూ తలాడించింది. “అలగన్నాదా!” అంది.

ఆయన తేలిగ్గా లేచి, లుంగీ దులుపుకుని, టీ పెట్టడానికి లోపలికెళ్ళాడు. ఏం చెప్పావని ఆమె అడగలేదు.